జవాబు రాని ఉత్తరం

ఈసారి మా దేశం చరిత్ర కొంచెం రాస్తున్నాను. మా దేశం అంటే దక్షిణ ఆఫ్రికా. నేను డర్బన్‌లో పుట్టాను. బడిలో అంతా ఇంగ్లీషే. తెలుగు అక్షరాలు యాభై దాటాక గుడిలో కూర్చుని నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను. 1983లో అప్పటి ప్రభుత్వం కొత్త పార్లమెంటు కోసం చట్టం చేసింది. అందులో మూడు సభలు. తెల్లవాళ్లకు ఒకటి, కలర్డ్ వాళ్లకు ఒకటి, భారతీయులకు ఒకటి. దేశంలో అందరికన్నా ఎక్కువ ఉన్న నల్లవాళ్లకు ఏమీ లేదు. 1984 ఆగస్టులో మా సభకు ఎన్నికలు వచ్చాయి. "ఒక కుర్చీ అయినా దొరికింది, కూర్చుని అడుగుదాం" అన్నారు నాన్న. "వాళ్లను బయట నిలబెట్టి మనం లోపల కూర్చుంటామా?" అన్నారు చిన్నాన్న. భారతీయ ఓటర్లలో దాదాపు ఐదింట ఒక వంతు మందే ఓటు వేశారు. నాన్న వేశారు. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

పెరటాసి శనివారం పూజకు ఇద్దరూ వచ్చేవారు. ఒకరు ముందు వరుసలో, ఒకరు తలుపు దగ్గర. ప్రసాదం పట్టుకుని ఇద్దరి మధ్యా నేను నడిచేదాన్ని.

ఒక ఇల్లే ఇలా ఉంటే దేశం ఎలా ఉండేదో ఊహించండి. నాకు బాగా గుర్తుండిపోయిన కథ ఒక ఉత్తరానిది. 1961 మార్చిలో మా పక్క ఊరు పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో పెద్ద సమావేశం జరిగింది. అన్ని జాతులవాళ్లూ కూర్చుని కొత్త రాజ్యాంగం గురించి మాట్లాడుకోవాలని అక్కడ తీర్మానించారు. (రాజ్యాంగం అంటే దేశాన్ని ఎలా నడపాలో చెప్పే పెద్ద చట్టం. ఈ మాట నేనూ ఈ మధ్యే నేర్చుకున్నాను.) ఏప్రిల్‌లో నెల్సన్ మండేలా ఆ సంగతే ప్రధానమంత్రి వెర్‌వుర్డ్‌కు ఉత్తరం రాశారు. జవాబు రాలేదు. ఆ ఏడాది చివరికి మండేలా పక్షం ఆయుధాలు పట్టింది. 1962లో కోర్టులో నిలబడినప్పుడు మండేలా ప్రధాని కార్యదర్శిని సూటిగా ప్రశ్నించారు: అంత ముఖ్యమైన ఉత్తరానికి జవాబు ఎందుకు ఇవ్వలేదు? ఆ ప్రశ్న ఇప్పటికీ కోర్టు రికార్డులో ఉంది.

తర్వాత 27 ఏళ్ల జైలు. 1989లో మండేలా జైలు నుంచే మళ్లీ రాశారు, ఈసారి అధ్యక్షుడు బోథాకు. ఆ కాగితంలో నాకు నచ్చింది ఒకటుంది. తన ప్రజలు కోరేది మెజారిటీ పాలన అని దాచకుండా రాశారు. ఆ పాలన అంటే తెల్లవాళ్లకు భయం ఉందని, దానికీ సమాధానం చెప్పాలని అదే కాగితంలో రాశారు. అవతలివాళ్ల భయాన్ని తన చేత్తో రాయడం చిన్న పని కాదు. 1989 జూలై 5న ఇద్దరూ కలిశారు. బోథా స్వయంగా టీ పోశారని మండేలా తర్వాత రాసుకున్నారు.

అంతటితో అంతా చక్కబడలేదు. 1991 డిసెంబరులో చర్చలు మొదలయ్యాయి. 1992 జూన్‌లో బోయిపటాంగ్‌లో 40 మందికి పైగా చనిపోయారు, చర్చలు ఆగిపోయాయి. అయినా రెండు పక్షాల తరఫున రామఫోసా, మేయర్ మాట్లాడుకుంటూనే ఉన్నారు. సెప్టెంబరు 26న మండేలా, డి క్లర్క్ ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. 1994 ఏప్రిల్‌లో అందరం కలిసి వరుసలో నిలబడి ఓటు వేశాం.

అప్పుడు కొత్త రాజ్యాంగం రాసేవాళ్లు ప్రజలనే అడిగారు: మీకేం కావాలో రాసి పంపండి. 20 లక్షల దాకా ఉత్తరాలు, వినతులు వెళ్లాయి.

1995లో ఒక సాయంత్రం చిన్నాన్న గుడి హాలులో బల్ల మీద ఒక కాగితం పెట్టారు. "మా తెలుగును మరిచిపోకండి" అని అందులో ఇంగ్లీషులో రాశారు. సంతకాల కోసం కాగితం చేతులు మారుతూ నాన్న దగ్గరికి వచ్చింది. ఆయన చాలాసేపు చదివారు. "మనం ఎప్పుడు వచ్చామో రాయలేదే" అన్నారు. పదకొండేళ్ల తర్వాత తమ్ముడితో ఆయన మాట్లాడిన మొదటి మాట అది. చిన్నాన్న ఏమీ అనలేదు, పెన్ను అందించారు. మద్రాసు నుంచి మొదటి ఓడ ట్రూరో డర్బన్ చేరిన ఏడాది, 1860, నాన్న రాసి కింద సంతకం పెట్టారు.

1996 డిసెంబరు 10న మండేలా షార్ప్‌విల్‌లో రాజ్యాంగం మీద సంతకం చేశారు. 1960లో పోలీసులు 69 మందిని కాల్చి చంపిన ఊరు అది. ఆ రాజ్యాంగం ఆరో సెక్షన్‌లో, గౌరవించి పెంచాల్సిన భాషల్లో తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూలతో పాటు మన తెలుగు పేరు ఉంది. ఇంగ్లీషులో స్పెల్లింగ్ మాత్రం 'తెలెగు' అని పడింది! మా ఒక్క కాగితం వల్లే వచ్చిందని నేను చెప్పను. కానీ ఈసారి ఉత్తరాలు చదివినవాళ్లు ఉన్నారు.

నాన్న, చిన్నాన్న 1984 గురించి చివరిదాకా ఒప్పుకోలేదు. ప్రతి శనివారం పూజ అయ్యాక పక్కపక్కన కూర్చుని అదే వాదన వేసుకునేవారు. నేను ప్రసాదం ఒకే చోట పెట్టేదాన్ని.

మీ ఇంట్లో ఎవరితోనైనా మాటలు ఆగిపోయి ఉంటే, ఒక ఉత్తరం రాయండి. తప్పుల తెలుగులో అయినా సరే. మీకే అలాంటి ఉత్తరం వస్తే, జవాబు రాయండి.