కూలి, మందు, స్నేహం: దిల్‌సుఖ్‌నగర్ దారిలో క్రైస్తవ సేవ

మియాపూర్‌లో ఎక్కిన మెట్రో దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి దాటాక, ఎల్.బి.నగర్‌కు ముందు విక్టోరియా మెమోరియల్ స్టేషన్‌లో ఆగుతుంది. ఆ పేరు వచ్చింది సరూర్‌నగర్‌లోని అనాథాశ్రమం నుంచి. 1901లో విక్టోరియా రాణి చనిపోయాక ఆమె స్మారకంగా, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో, దిక్కులేని పిల్లల కోసం వెలిసిన ఇల్లది. అప్పటికి నగరం ఇటువైపు పాకలేదు. దాదాపు ఆ రోజుల్లోనే మలక్‌పేట వైపు హ్యూస్‌టౌన్‌లో మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు అడుగుపెట్టారు. అమెరికా నుంచి 1899లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చి, దేవరకొండ, మహబూబ్‌నగర్ పల్లెల దాకా వెళ్లినవాళ్లు వీళ్లు. వీరికంటే ముందే, 1890 ప్రాంతంలో, రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీజెన్ నల్లగొండలో కాపురం పెట్టాడు.

ఒకటి పాలకుల దాతృత్వం, రెండోది మత ప్రచారం కోసం వచ్చినవాళ్ల సేవ. రెండింటిలోనూ పేదవాడికి అన్నం దొరికింది. అన్నంతోపాటు అతనికి ఇంకేం దొరికిందో చూడాలంటే ఒంగోలు దాకా వెళ్లాలి.

1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌకు మొదట దారి చూపింది మాదిగవాడు యర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరుగుతూ, తాను విన్న మాటను తనవాళ్లకు తానే చెప్పుకుంటూ పోయిన మనిషి. మాదిగలు గుంపులుగా క్రైస్తవంలోకి వచ్చిన ఉద్యమానికి పునాది వేసింది దొర కాదు, పేరయ్యే అని నా నమ్మకం. 1876-78 కరువులో ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్వకం పనులు పెట్టింది. పనిచోట పై కులాల మేస్త్రీలు మాదిగ కూలీలను కసిరేవాళ్లు, కూలిలో కోత పెట్టేవాళ్లు. అమెరికాలో సర్వేయరుగా చేసిన క్లౌ మూడు మైళ్ల పైచిలుకు కాలువను తానే కాంట్రాక్టుకు తీసుకుని, తన బోధకులను మేస్త్రీలుగా నిలబెట్టాడు. పొద్దంతా తట్ట మోసినవాడికి సాయంత్రం లెక్క ప్రకారం కూలి చేతికందేది. అదీ తనవాడి చేతి మీదుగా, తిట్టు లేకుండా. అన్నదాన సత్రం ముందు వరుసలో నిలబడటానికీ దీనికీ ఎంత తేడా ఉందో, ఆకలి తెలిసినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

అంతకంటే పెద్ద సంగతి, కరువు సాగినన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. గంజి కోసం మతం మారారనే మాట రాకూడదన్నది ఆయన పట్టుదల. సహాయ పనులు ముగిశాకే తలుపు తెరిచాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజు నీళ్లలో నిలబడి ఆ పని చేసింది దొర కాదు. ఆరుగురు తెలుగు పాస్టర్లు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకున్నారు. కులవ్యవస్థ ఏ మనుషుల నీడను కూడా దూరం పెట్టిందో ఆ మనుషుల చేతికే ఆ పవిత్ర కార్యం దక్కింది.

ఇదే పద్ధతి తర్వాత మెదక్‌లో కనిపిస్తుంది. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరువు రోజుల్లో జనానికి పని దొరకాలని 1914లో కెథడ్రల్ కట్టడం మొదలుపెట్టాడు. 1924 డిసెంబర్ 25న దానికి ప్రతిష్ఠ జరిగింది. ఈనాడు బస్సులు కట్టుకుని చూడబోయే ఆ గోపురం వెనక పదేళ్ల కూలి జీతాలున్నాయి.

కూలి సంగతి అలా ఉంచితే, రోగం వేరు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో స్కాటిష్ డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ కుష్ఠురోగుల కోసం ఆస్పత్రి పెట్టారు. ఆ రోజుల్లో ఈ జబ్బు వచ్చినవాడు ఊరికి చచ్చినవాడి కింద లెక్క. ఇల్లు, పేరు, భార్యాబిడ్డలు అన్నీ పోయి రోడ్డు పక్కన డబ్బా పట్టుకుని కూచోవాల్సిందే. నిజామాబాద్ దాత రాజా నర్సాగౌడ్ ఈ పనికి ధనమిచ్చాడు, నిజాం ప్రభుత్వం భూమి ఇచ్చింది. డబ్బు హిందువుది, నేల ముస్లిం పాలకుడిది, పని క్రైస్తవ డాక్టరుది. మందంటే అప్పటికి చాల్‌మోగ్రా నూనె సూదులే. చర్మంలోకి ఎక్కించేటప్పుడు భరించలేని నొప్పి. అయినా రోగులు వరుసకట్టి వచ్చారంటే, వాళ్లను అక్కడికి రప్పించింది మందు ఒక్కటే కాదు. అక్కడ వాళ్లు తోటలు వేశారు, పొలం చేశారు, కట్టడాల్లో చెయ్యి కలిపారు. ముట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాని చేతిని ఒక డాక్టరమ్మ తన చేతిలోకి తీసుకుని పుండు కడిగింది. ఆ ఒక్క పనికి నేను ఎన్ని ప్రసంగాలైనా వదులుకుంటాను. ఇసబెల్ కెర్ 1932లో కన్నుమూసింది. 1980ల్లో బహుళ ఔషధ చికిత్స వచ్చాక జబ్బు నయమవడం మామూలైంది. కానీ నయమైనవాణ్ని ఊరు తిరిగి రానివ్వడం ఆ వేగంతో జరగలేదు.

మిషన్ ఆస్పత్రుల్లో ఇంకో మార్పు నెమ్మదిగా వచ్చింది. గుంటూరుకు 1883లో వచ్చిన లూథరన్ డాక్టర్ ఆన్నా కుగ్లర్ 1898లో ఆస్పత్రి తెరిచింది. ఇలాంటి చోట్ల మాల, మాదిగ పల్లెల ఆడపిల్లలు నర్సులయ్యారు. అంటరానివాళ్లన్న పిల్ల అగ్రకులపు బాలింత నాడి పట్టుకుంది.

అయితే సేవ చేసేవాడి మనసులోనూ ఒక మెట్టు ఎత్తు ఉంటుంది. దాన్ని మొహం మీద చెప్పినవాడు వి.ఎస్. అజరయ్య. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో ఆయన నిలబడి, మీరు ప్రాణాలిచ్చారు, ఆస్తులిచ్చారు, మాకు స్నేహితులు కూడా కావాలి అన్న అర్థంలో మాట్లాడాడు. రెండేళ్లకు, 1912 డిసెంబర్‌లో, ఆయనే డోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. తన ఇల్లు, బడి, పొలం అన్నీ పల్లె పేదల మధ్యే పెట్టుకున్నాడు. దళితుల మతమార్పిడి విషయంలో గాంధీకీ ఆయనకూ గట్టి విభేదం ఉండేది. పేదవాడికి స్వయంగా ఎంచుకునే బుద్ధి లేదనుకోవడమే అవమానమని అజరయ్య పక్షం. నేను ఆయన పక్షమే.

కానీ గుడి లోపల అంతా సరిగా ఉందని ఎవరైనా అంటే ఒప్పుకోలేను. బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు, లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువగా చేరడంతో కులం గీత అలాగే ఉండిపోయింది. కొన్ని ఊళ్లలో శ్మశానం కూడా వేరు. వినుకొండలో పుట్టిన కవి గుర్రం జాషువా ఇంటా బయటా ఈ గాయం మోశాడు. 1941లో వచ్చిన ‘గబ్బిలం’ ఆ బాధలోంచి పుట్టిందే.

ఇక ఎల్.బి.నగర్. విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు చీలేది ఇక్కడే. నల్లగొండ, దేవరకొండ, సూర్యాపేట, గుంటూరు నుంచి బతకడానికి వచ్చినవాళ్లు దిగేదీ ఇక్కడే. ఒకప్పుడు మిషనరీలు వెతుక్కుంటూ వెళ్లిన పల్లెలే ఇప్పుడు నగరం గుమ్మంలోకి వచ్చాయి. తెల్లారకముందే అడ్డా మీద సద్దిగిన్నెలతో నిలబడే కూలీల్లో, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో వంట చేసే ఆడవాళ్లలో, ఆస్పత్రుల్లో రాత్రి డ్యూటీ చేసే నర్సుల్లో ఆ పల్లెల మనవళ్లు, మనవరాళ్లు ఉన్నారు. అద్దె గదుల్లో, మేడ మీద రేకుల షెడ్లలో ఆదివారం ప్రార్థనలు జరుగుతుంటాయి.

క్రిస్మస్ ముందు ఇటువైపు దుప్పట్ల పంపిణీ చూస్తుంటాం. వెనక దాతల పేర్లతో ఫ్లెక్సీ, ముందు ఫోన్ కెమెరాలు. దుప్పటి ఒక చివర దాత, మరో చివర ఒక ముసలమ్మ. ఆమె రెండో చేత్తో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంటుంది. ఫొటో బాగా రాలేదని మళ్లీ నిలబెడతారు. కరువులో బాప్తిస్మాలు ఆపేసిన క్లౌ ఈ ఫొటోకు ఒప్పుకునేవాడా? అదే సంఘాల్లో ఎవరికీ చెప్పకుండా అడ్డా కూలీ పిల్ల ఫీజు కట్టేవాళ్లున్నారు, రోగి వెంట ఆస్పత్రిలో రాత్రంతా కూర్చునేవాళ్లున్నారు. వాళ్ల ఫ్లెక్సీలు ఎక్కడా కనిపించవు.

దాతలు తీర్చలేనిది ఇంకొకటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డ్ కులాల జాబితాలోకి రాడు. ఆ ఉత్తర్వును 1956లో సిక్కుల కోసం, 1990లో బౌద్ధుల కోసం సవరించారు. క్రైస్తవులకు, ముస్లింలకు ఆ తలుపు తెరవలేదు. తెలుగు రాష్ట్రాల్లో వీళ్లకు మిగిలింది బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్. వాడ అదే, బయటివాళ్లు పెట్టే దూరం అదే, కాగితంలో మాత్రం వేరే మనిషి. అందుకే ఆదివారం పాట పాడి సోమవారం సర్టిఫికెట్‌లో మతం దాచుకునే కుటుంబాలున్నాయి. 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌కు కేంద్రం అప్పగించింది ఈ ప్రశ్ననే. దుప్పట్లు పంచే సంఘాలు ఈ ప్రశ్న మీద చెప్పాల్సిన మాటలు చాలా ఉన్నాయి.