మూలుగకు తిండి, మూలుగకు పస్తు

పేరేసంద్రలో బెంగళూరు బస్సెక్కే రోగుల ఫైళ్లలో అప్లాస్టిక్ అనీమియా, లుకేమియా, మైలోమా అని రకరకాల పేర్లుంటాయి. చిక్కబళ్లాపురం నుంచి బాగేపల్లి, చింతామణి దాకా మన పల్లెల్లో మాత్రం వీటన్నిటికీ ఒకటే మాట: “ఒంట్లో రక్తం లేదంట.” మాట తప్పేమీ కాదు. కాకపోతే రక్తం ఎందుకు లేదో తెలుసుకోవడానికి వైద్యానికి చాలా కాలం పట్టింది.

నల్లి ఎముక పీల్చి తినే మనిషికి మూలుగంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. అది చేసే పనే ఎవరికీ తెలియలేదు. సప్తధాతువుల్లో మజ్జను, అంటే మూలుగను, ఆరోదిగా లెక్కపెట్టిన ఆయుర్వేదం రక్తానికి స్థానం కాలేయమూ ప్లీహమూ అంది. పాశ్చాత్యులకు గురువైన గాలెన్ కూడా కాలేయాన్నే చూపించాడు. 1845లో బెర్లిన్‌లో విర్కో, ఎడిన్‌బరోలో బెన్నెట్ చీములా తెల్లబడిన రక్తాన్ని విడివిడిగా గమనించారు. రెండేళ్లకు విర్కో దానికి లుకేమియా అని పేరు పెట్టాడు. పేరైతే వచ్చింది గానీ రోగం పుట్టే చోటు తెలియలేదు. 1868లో కోనిగ్స్‌బర్గ్‌లో నాయ్‌మాన్, పావియాలో బిజ్జొజెరో రక్తకణాలు ఎముకల్లోపలే పుడుతున్నాయని ప్రకటించారు. చాలామంది నమ్మలేదు.

నమ్మించడమూ కష్టమే, బతికున్న మనిషి మూలుగను తీసి చూసే సులువైన దారి అప్పటికి లేదు. 1927లో లెనిన్‌గ్రాడ్ వైద్యుడు అరింకిన్ రొమ్ము ఎముకలోకి సూది దించి ఆ దారి వేశాడు. ఇప్పుడు ఎక్కువగా తుంటి వెనకవైపు ఎముక నుంచి తీస్తున్నారు. మత్తు సూది వేసినా, సిరంజితో లాగే క్షణంలో కాలిదాకా జివ్వుమంటుంది. వచ్చిన నాలుగు చుక్కలను గాజుపలక మీద పరిచినప్పుడు సన్నటి నూకల్లాంటి రేణువులు కనపడాలి. అవి ఉంటేనే వచ్చింది మూలుగ అని లెక్క, లేకపోతే ఉత్త రక్తమే.

అయితే వైద్యాన్ని ముందుకు నెట్టింది సూది ఒక్కటే కాదు, మూలుగ ఏం తిని బతుకుతుందన్న ప్రశ్న కూడా. 1926లో మైనాట్, మర్ఫీ కాలేయం తినిపించి పెర్నిషియస్ అనీమియా రోగులను బతికించారు. పాతవాళ్లు కాలేయాన్ని చూపించింది మరీ ఉత్తినే కాదేమో! 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్స్, గర్భిణులకు వచ్చే పెద్దకణాల రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని 1931లో రాసింది. ఆ సారంలో ఉన్న పదార్థమే తర్వాత ఫోలిక్ యాసిడ్‌గా తేలింది.

ఇక్కడే మన యల్లాప్రగడ సుబ్బారావు కథలోకి వస్తాడు. 1895లో భీమవరంలో పుట్టి, అన్నదమ్ములిద్దరిని కొద్ది రోజుల తేడాతో స్ప్రూ వ్యాధికి పోగొట్టుకుని, మద్రాసులో వైద్యం చదివి బోస్టన్ చేరాడు. స్ప్రూలో పేగులకు ఫోలిక్ యాసిడ్ సరిగా ఒంటబట్టదు, మూలుగకు తిండి చాలదు. 1945లో న్యూయార్క్ దగ్గరి పెర్ల్ రివర్‌లో, లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. అంతా ఆయన ఒక్కడే చేశాడని మనవాళ్లు రాసుకోవడం మాత్రం అతి. స్టాక్‌స్టాడ్, వాలర్, డోరిస్ సీగర్ లాంటివాళ్ల చేతులూ అందులో ఉన్నాయి. అందరినీ ఒక దారిలో నడిపించడం ఆయన ఘనత.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ మందును లుకేమియా పిల్లలకిచ్చి చూశాడు. రోగం తగ్గకపోగా ఇంకా పెరిగింది. తిండి పెడితే పెరిగేది పస్తు పెడితే తగ్గాలి కదా! ఫోలిక్ యాసిడ్ వేషం వేసుకుని వెళ్లి, దాన్ని పనిచేయనివ్వని అమినోప్టెరిన్‌ను లెడర్లీ తయారుచేసి పంపింది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు అచ్చువేశాడు: 16 మంది పిల్లల్లో 10 మందికి రోగం తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. అంతకుముందు ఏ మందూ చేయని పని అది. రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు కన్నుమూశాడు.

అమినోప్టెరిన్ తమ్ముడు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ వాడుకలో ఉంది. కీళ్లవాతానికి డాక్టర్లు దాన్ని వారానికొకసారి రాసి, దుష్ఫలితాలు తగ్గడానికి వేరే రోజు ఫోలిక్ యాసిడ్ రాస్తారు. తిండీ పస్తూ ఒకే చీటీలో.

మూలుగ మార్పిడి వేరే కథ. అమెరికాలో డొనాల్ థామస్ 1950లలో మొదలుపెట్టగా, మన దేశంలో 1983లో బొంబాయి టాటా ఆసుపత్రిలో మొదటిసారి జరిగింది. క్రానిక్ మైలాయిడ్ లుకేమియాకు 2001లో వచ్చిన ఇమాటినిబ్ మాత్ర మన జేబుకు మరీ దగ్గరి సంగతి. నోవార్టిస్ కంపెనీ మందు నెలకు లక్ష రూపాయలు దాటేది. హైదరాబాదు నాట్కో 2003లో తన మాత్రను అందులో పదో వంతుకన్నా తక్కువ ధరకు తెచ్చింది. పేటెంటు తగాదా 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తీర్పుతో నోవార్టిస్‌కు వ్యతిరేకంగా ముగిసింది.

కాబట్టి “రక్తం లేదంట” అన్న మాట దగ్గరే ఆగిపోకండి. తిండి చాలని మూలుగా, అదుపు తప్పిన మూలుగా పైకి ఒకేలా పాలిపోయిన ముఖాన్నే చూపిస్తాయి. పాలిపోవడంతోపాటు విడవని జ్వరం, కారణం లేని కమిలిన మచ్చలు, చిగుళ్లలో రక్తం ఉంటే టానిక్కులతో నెలలు గడపకుండా వెంటనే రక్తకణాల పరీక్ష చేయించండి.