మేరీ జీతం ఏమైంది?

ఆదివారం ఆబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరుస్తారు. పీహెచ్‌డీ రోజుల్నించీ నాకది రెండో లైబ్రరీ. మొన్న అక్కడ ‘మిస్సమ్మ’ పాటల పుస్తకం దొరికింది. దాన్ని పట్టుకుని నాంపల్లి స్టేషన్ వైపు నడుస్తుంటే అమ్మ గుర్తొచ్చింది. పెళ్లికి ముందు రెండేళ్లు అమ్మ నాంపల్లిలోనే ఓ ఆఫీసులో టైపిస్టు. గది అద్దెకు అడిగితే అందరూ ముందు అడిగే ప్రశ్న, ‘మీవారేం చేస్తారమ్మా?’ అనేదట.

‘మిస్సమ్మ’ కథంతా ఆ ప్రశ్నలోనే ఉంది. అప్పాపురం జమీందారుకి తన బడిలో పాఠాలు చెప్పడానికి భార్యాభర్తలే కావాలి. మేరీ బి.ఏ. చదివింది, కానీ డిగ్రీ ఒక్కటే చాలదు, మొగుడు కూడా ఉండాలి. అటు చూస్తే అప్పిచ్చిన డేవిడ్ పెళ్లి కోసం వెంటపడుతున్నాడు. అప్పు తీర్చకపోతే నిజం పెళ్లి, తీర్చాలంటే దొంగ పెళ్లి! మనం పగలబడి నవ్వింది దీనికే. సావిత్రి మొహంలోని ఆ చిరాకుని చాలాకాలం పొగరు అనుకున్నాను. ఇప్పుడు చూస్తే, జీతం కోసం రోజంతా భార్యగా నటించాల్సి వచ్చిన మనిషి అలసట కనిపిస్తోంది. (ఈ పాత్ర మొదట భానుమతిది. చక్రపాణితో పేచీ వచ్చి ఆమె తప్పుకుంది. పనిచేసే ఆడదాని కథకి తగిన ఆరంభమే.)

ఈ మధ్య 1934 నాటి హంగరీ సినిమా ‘మెషెఆటో’ చూశాను. దర్శకుడు బేలా గాల్. వేరా అనే అమ్మాయికి బ్యాంకులో ఉద్యోగం దొరుకుతుంది. ఆమె మీద మనసుపడిన బ్యాంకు డైరెక్టరు కారు డ్రైవరుగా నటిస్తాడు. డబ్బున్నవాడికి పేదరికం ఒక సరదా వేషం. మేరీకి వేషం బతుకుతెరువు. ముగింపులు మాత్రం అక్కచెల్లెళ్లు. బుడాపెస్టులో యజమాని మొగుడయ్యాడు, అప్పాపురంలో యజమాని తండ్రయ్యాడు. మేరీ తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి అని తేలుతుంది. ఇక ఆమెకి జీతంతో పనేముంది?

మతంతో కూడా పనిలేకుండా పోయింది. సినిమా విడుదలైంది 1955 జనవరి 12న. మతం మార్చుకోకుండానే ఒక క్రైస్తవ స్త్రీ, ఒక హిందూ పురుషుడు పెళ్లాడేందుకు వీలిచ్చిన ప్రత్యేక వివాహ చట్టం అదే నెల 1న అమల్లోకొచ్చింది. మేరీ, రావు ఆ చట్టం దాకా వెళ్లనక్కర్లేకుండా ఒక పుట్టుమచ్చ కాపాడింది. అక్షరాలా పదకొండు రోజుల తేడా. ఆ ముగింపుని ఇక నేను అమాయకమైనదనుకోలేను.

పాటల పుస్తకం చూసి అమ్మ మురిసిపోయింది. తన మొదటి జీతంతో ఆబిడ్స్‌లో చెప్పులు కొనుక్కుని, మిగిలింది తాతయ్యకి మనియార్డరు చేసిందట. ఉద్యోగం ఎప్పుడు మానేశావని అడిగాను. పెళ్లి తేదీ చెప్పింది.