చక్రాల మీది ఇల్లు, చేతులు మారిన చరిత్ర

మోటార్‌హోమ్‌కు సాధారణంగా ఇద్దరు తయారీదారులు ఉంటారు. ఇంజను, గేర్లు, చాసిస్ ఒక కంపెనీవి. దాని మీద లేచే గోడలు, పైకప్పు, వంటగట్టు, మంచాలు, నీళ్ల ట్యాంకులు మరో కంపెనీవి. అమెరికాలో ఫోర్డ్ చాసిస్ మీద విన్నెబాగో ఇల్లు కడుతుంది, ఐరోపాలో ఫియట్ డుకాటో మీద హైమర్ కడుతుంది. కొత్త బండి కొన్నవాళ్లకు ఈ సంగతితో పెద్దగా పని పడదు. పదేళ్లు గడిచి బండి అమ్మకానికి వచ్చినప్పుడు మాత్రం అదే అసలు విషయమవుతుంది. అప్పటికి ఇంజను, చాసిస్ ఉన్న లారీ భాగం చాలావరకు గట్టిగానే ఉంటుంది, పాడయ్యేది ఇల్లు. పాత మోటార్‌హోమ్ కొనేవాళ్లు తరతరాలుగా నేర్చుకున్నదంతా ఆ ఇంటిని పరీక్షించే విద్యే. చట్టాలు మాత్రం ఎప్పుడూ లారీనే చూశాయి.

మొదటి దశలో బేరానికి తావే లేదు. బ్రిటన్‌లో డాక్టర్ గోర్డన్ స్టేబుల్స్ 1885లో కట్టించుకున్న ‘వాండరర్’ గుర్రాలు లాగే బండి. విహారం కోసమే చేయించుకున్న క్యారవాన్లలో దాన్ని తొలిదిగా లెక్కిస్తారు. 1910లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ప్రదర్శనలో పియర్స్-యారో కంపెనీ తన ‘టూరింగ్ లాండో’ను చూపింది. వెనక సీటు మంచంగా మారేది. డ్రైవరు సీటు వీపు నుంచి చేతులు కడుక్కునే తొట్టి మడత విప్పుకుని దిగేది. ఇవి శ్రీమంతుల వేడుకలు. 1915లో రోలాండ్ కాంక్లిన్ అనే సంపన్నుడు బస్సంత బండి చేయించి కుటుంబంతో న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లాడు. సామాన్యులు తమ ఫోర్డ్ మోడల్ టీ కార్ల మీద చెక్క గదులు తామే బిగించుకున్నారు. అలాంటివాళ్లు 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో ‘టిన్ క్యాన్ టూరిస్ట్స్’ అనే సంఘం పెట్టుకున్నారు. ఏ బండికా బండి వేరు, ఏ వడ్రంగి పని వాడిది. పోల్చి చూసుకోవడానికి రెండో బండి లేనప్పుడు పాతదానికి ధర కట్టడం ఎవరి తరం?

మోడల్ అనేది పుట్టాకే పాత బండ్ల సంత పుట్టింది. మిచిగన్ రాష్ట్రంలోని బ్రౌన్ సిటీలో రే ఫ్రాంక్ 1958లో తన కుటుంబం కోసం ఒక బండి కట్టుకున్నాడు. చూసినవాళ్లు తమకూ కావాలనడంతో కొద్దికాలానికే డాడ్జ్ చాసిస్ మీద వరసగా తయారు చేయసాగాడు. మోటార్‌హోమ్ అనే పేరు స్థిరపడింది ఆ బండ్లతోనే. 1966లో అయోవాలోని ఫారెస్ట్ సిటీ నుంచి విన్నెబాగో రంగంలోకి దిగింది. జాన్ కె. హాన్సన్ నడిపిన ఆ కంపెనీ కార్ల పద్ధతిలో అసెంబ్లీ లైన్ పెట్టి, పోటీ బండ్ల ధరలో దాదాపు సగానికే అమ్మింది. 1970 నాటికి దాని షేర్లు న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజీకి ఎక్కాయి. ఒకే రకం బండ్లు వేలకొద్దీ రోడ్డెక్కాక ఏ ఏడాది మోడల్‌కు ఎంత ధర, దేనికి ఏ జబ్బు అన్న మాట యజమానుల మధ్య ప్రచారంలోకి వచ్చింది. అంతకుముందే, 1963 జూలై 20న మెయిన్ రాష్ట్రంలోని హింక్లీలో సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి తమ బండ్లతో చేరిన కొన్ని కుటుంబాలు అక్కడే ‘ఫ్యామిలీ మోటార్ కోచ్ అసోసియేషన్’ను మొదలుపెట్టాయి. పాత బండి కొనేవాడికి అలాంటి సంఘంలో ఒక సభ్యుడి పరిచయం డీలర్ మాట కంటే విలువైనది.

ఐరోపా దారి వేరు. ఫోక్స్‌వ్యాగన్ 1950లో తయారు చేయడం మొదలుపెట్టిన ట్రాన్స్‌పోర్టర్ వ్యానులో జర్మనీకి చెందిన వెస్ట్‌ఫాలియా 1951 నుంచి మంచం, బల్ల, అలమర బిగించి ఇచ్చింది. బ్రిటన్‌లో మామూలు కార్ల మీద వేసే కొనుగోలు పన్ను మోటార్ క్యారవాన్లకు లేకపోవడంతో 1950లలో వ్యాన్లను క్యారవాన్లుగా మార్చే చిన్నా పెద్దా షెడ్లు చాలా వెలిశాయి. అందుకే ఆనాటి బ్రిటిష్ బండ్లలో వడ్రంగం నాణ్యత ఒక్కోదానిదీ ఒక్కో తీరు. వెస్ట్‌ఫాలియా వ్యాన్లు మాత్రం ఈ వ్యాపారంలో వింత మినహాయింపు. మిగతా మోటార్‌హోమ్‌లు ఏటేటా చవకవుతుంటే, బాగున్న పాత ఫోక్స్‌వ్యాగన్ల ధర ఏటేటా పెరిగింది. వాటి శత్రువు తుప్పు. కొనేవాడు ముందుగా చూసేది తలుపుల కింది అంచులు, జాకీ పెట్టే చోట్లు, బ్యాటరీ కూర్చునే రేకు. పైన వేసిన రంగు ఎంత తళతళలాడితే కింద అంత జాగ్రత్తగా చూడాలి.

1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు సరఫరా ఆపడంతో అమెరికా మోటార్‌హోమ్ వ్యాపారం మీద పిడుగు పడినట్టయింది. సరిగ్గా ఆ ఏడాదే జనరల్ మోటార్స్ తన జీఎంసీ మోటార్‌హోమ్‌ను విడుదల చేసింది. దానికి ఏడున్నర లీటర్ల వీ8 ఇంజను, 50 గ్యాలన్ల పెట్రోలు ట్యాంకులు. బంకుల ముందు బారులు తీరిన కాలంలో అలాంటి బండి ఎవరికి కావాలి? అయినా 1978లో ఆపేసేలోగా సుమారు 13,000 తయారయ్యాయి. ఆ తర్వాత జరిగింది తయారీదారులే ఊహించి ఉండరు. చాసిస్‌నూ ఇంటినీ ఒకే కంపెనీ కలిపి రూపకల్పన చేసిన అరుదైన బండి అది. గోడల్లో కర్ర ఎముకలు లేవు, అల్యూమినియం చట్రం మీద ఫైబర్‌గ్లాస్ పలకలు బిగించారు. దాంతో సాటి బండ్లు కుళ్లి స్క్రాపు షెడ్లకు చేరుతుండగా ఇవి దశాబ్దాల తరబడి చేతులు మారుతూ నిలిచాయి. విడిభాగాలు తయారు చేసి అమ్ముకునే చిన్న వ్యాపారాలు వీటి చుట్టూ నేటికీ బతుకుతున్నాయి. తయారీ ఆగిన మోడల్ కొనకూడదనే సాధారణ సలహా ఈ ఒక్క బండి విషయంలో చెల్లదు.

మిగతావాటిని చంపింది మైళ్లు కాదు, నీళ్లు. 1970లలో చాలా బండ్ల గోడలంటే సన్నని కర్ర చట్రం, బయట అల్యూమినియం రేకు, లోపల ప్లైవుడ్. తర్వాత ఫైబర్‌గ్లాస్ పొర, పలచని ప్లైవుడ్, థర్మకోల్ లాంటి నురుగు పలకలు కలిపి అంటించిన గోడలు వచ్చాయి. తేలికగా, నున్నగా ఉంటాయి. అయితే అతుకుల్లోని సీలెంట్ ఎండకు పగిలి చుక్క నీరు లోపలికి దిగితే చాలు, జిగురు విడిపోయి బయటి పొర బుడగలా ఉబ్బుతుంది. దాన్ని బాగు చేయించే ఖర్చు కొన్నిసార్లు బండి ధరనే మించుతుంది. డ్రైవరు క్యాబిన్ మీదికి ముక్కులా పొడుచుకు వచ్చి పైన పడక ఉండే రకం మరీ అపఖ్యాతి తెచ్చుకుంది. ఎదురుగాలికి వాన నేరుగా ఆ మూల అతుకులోకే కొడుతుంది.

అనుభవమున్నవాళ్లు బండి చూడటానికి వెళ్తే ఇంజను జోలికి చివర్లో వెళ్తారు. ముందు తలుపు తీసి వాసన చూస్తారు. ముక్కిన వాసన వస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే, గాఢమైన సెంటు వాసన వచ్చినా అనుమానమే. పై అలమరలు తెరిచి, గోడా కప్పూ కలిసే మూలల్లో బొటనవేలితో నొక్కుతారు. చెక్క మెత్తగా లోపలికి దిగితే అది కుళ్లినట్టు. టీ మరకలాంటి గోధుమరంగు చారలు, ఒక్కచోటే కొత్తగా అంటించిన వాల్‌పేపర్, పాత బండి మీద తెల్లగా మెరిసే తాజా సీలెంట్ కూడా అమ్మేవాడు చెప్పని కబుర్లు చెబుతాయి. పరుపు ఎత్తి మంచం కింద, స్నానపు గది ముందు, తలుపు మెట్టు దగ్గర నేలను కాలితో అదిమి చూస్తారు. బయట నిలబడి గోడ పొడవునా ఏటవాలుగా చూస్తే ఉబ్బు కనిపిస్తుంది. బ్రిటన్‌లో దీనికి నెమ్ము మీటరు వాడుక బాగా ఉంది. 15 శాతం లోపు ఉంటే మంచిదని, 20 దాటితే కారణం వెతకాలని, 30 దాటితే లోపల చెక్క దెబ్బతిన్నదని అక్కడి మెకానిక్కుల లెక్క.

ఇల్లు ఇంత ముఖ్యమైనదైనా చట్టం దాని గడప తొక్కలేదు. అమెరికా 1972లో, తిరిగిన మైళ్లు చూపే ఓడోమీటర్‌ను వెనక్కి తిప్పడాన్ని ఫెడరల్ చట్టంతో నిషేధించింది, 1986లో దాన్ని మరింత బిగించింది. కానీ 16,000 పౌండ్లకు మించిన బరువు సామర్థ్యం ఉన్న వాహనాలకు అమ్మేటప్పుడు మైళ్లు రాసివ్వాలన్న నియమం వర్తించదు. పెద్ద మోటార్‌హోమ్‌లు చాలావరకు ఆ కోవలోవే. పాత కారు అమ్మే డీలర్ వారంటీ ఉందో లేదో చెప్పే పత్రాన్ని అద్దానికి అంటించాలన్న నిబంధన 1985లో వచ్చింది. దానిలోనూ బరువు, ముందుభాగం వైశాల్యం లెక్కలు పెట్టడంతో పెద్ద మోటార్‌హోమ్‌లు తప్పించుకున్నాయి. పాత కార్ల సంతలో లోపం తెలిసినవాడు అమ్మేవాడేనని, ఆ తేడా వల్ల మంచి సరుకు సంతకు రాకుండా పోతుందని ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో రాసిన వ్యాసానికి 2001లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన కార్ల గురించే రాసినా, గోడ లోపలి నెమ్మును దాచిపెట్టే మోటార్‌హోమ్‌కు ఆ మాట ఇంకా బాగా సరిపోతుంది.

1986లోనే మరో చట్టం ఈ వ్యాపారాన్ని లోలోపల మార్చింది. ఆ ఏటి పన్ను సంస్కరణ చాలా రకాల వ్యక్తిగత అప్పుల వడ్డీ మీద రాయితీ తీసేసి, రెండో ఇంటి రుణం మీద మాత్రం ఉంచింది. పడక, వంట, మరుగుదొడ్డి ఉన్న మోటార్‌హోమ్ కూడా ఆ లెక్కలో ఇల్లే. పదిహేను ఇరవై ఏళ్ల వాయిదాల మీద బండ్లు కొనడం మామూలైంది. బండి విలువ అప్పు కంటే వేగంగా పడిపోతుంది కనుక అమ్మేవాడు బ్యాంకుకు ఇంకా బాకీ ఉండటం తరచూ ఎదురయ్యే సంగతే. బండి యాజమాన్య పత్రమైన టైటిల్ మీద బ్యాంకు హక్కు ఉందేమో చూడకుండా డబ్బు చేతిలో పెట్టకూడదన్న పాఠం అలా స్థిరపడింది. 2005లో కత్రినా తుపాను తర్వాత వరదలో మునిగిన వాహనాలు రాష్ట్రం దాటి శుభ్రమైన కాగితాలతో తిరిగి అమ్మకానికి వచ్చాయి. 2009 నుంచి వాహన టైటిళ్ల జాతీయ రికార్డును మామూలు కొనుగోలుదారులు కూడా చూసే వీలు కలిగింది.

కాగితాల్లో ఇంకో చిక్కుంది. చాసిస్ ఒక ఏడాదిది, దాని మీద ఇల్లు కట్టింది మరుసటి ఏడాది కావచ్చు. అడిగే ధర కొత్త ఏడాదికి, దొరికే విడిభాగాలు పాత ఏడాదికి. టైర్ల వయసు తెలుసుకోవడం మాత్రం 2000 నుంచి సులువైంది. టైరు పక్కగోడ మీద DOT అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివరి నాలుగంకెలు తయారైన వారం, ఏడాది చెబుతాయి. 2316 అంటే 2016లో 23వ వారం. ఏడాదిలో ఎక్కువ రోజులు కదలకుండా నిలబడే ఈ బండ్ల టైర్లు అరిగి పోవు, ముసలివై పగులుతాయి. వీటిలో ఉండే, గ్యాసుతోనూ కరెంటుతోనూ నడిచే ఫ్రిజ్ సూత్రం 1922లో ఇద్దరు స్వీడన్ విద్యార్థులు కనిపెట్టినది. దాని వెనక పసుపు పొడి పేరుకుని ఉన్నా, అమ్మోనియా ఘాటు తగిలినా ఆ ఫ్రిజ్ ఆయువు తీరినట్టే.

చవక బేరాలు ఎప్పుడూ ఎవరో ఒకరి కష్టకాలంలోనే దొరికాయి. అమెరికా కర్మాగారాల నుంచి 2006లో ట్రైలర్లతో కలిపి 3,90,500 విహార వాహనాలు బయటికొస్తే, 2009లో 1,65,700 మాత్రమే వచ్చాయి. ఆ ఏడాది మార్చిలో మోటార్‌హోమ్‌లు తయారు చేసే ఫ్లీట్‌వుడ్, మొనాకో కంపెనీలు రెండూ దివాలా రక్షణ కోరాయి. ఇళ్ల అప్పులు తీర్చలేక బండ్లు అమ్ముకున్నవాళ్లతో పాత బండ్ల ధరలు దిగాయి. కోవిడ్ కాలంలో కథ తిరగబడింది. హోటళ్లు, విమానాలు వద్దనుకున్నవాళ్లు ఎగబడటంతో 2021లో ఆరు లక్షలకు పైగా తయారయ్యాయి, పాతవాటికీ గిరాకీ పెరిగింది. 2023 నాటికి ఉత్పత్తి దాదాపు సగానికి పడింది.

తెలుగు నేలకు ఈ బండ్ల పరిచయం రాజకీయం నుంచి, సినిమా నుంచి వచ్చింది. 1982లో తెలుగుదేశం పెట్టాక ఎన్.టి. రామారావు పాత షెవర్లే వ్యానును మార్పించి ‘చైతన్య రథం’గా రాష్ట్రమంతా తిరిగారు, నడిపింది కొడుకు హరికృష్ణ. ఇప్పుడు షూటింగుల దగ్గర తారల క్యారవాన్లు మామూలు దృశ్యం. కుటుంబ విహారానికి పాత టెంపో ట్రావెలర్‌నో బస్సునో కొని ఇల్లుగా మార్పించుకుందామనే ఆలోచన కూడా వినిపిస్తోంది. అయితే తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చి చెప్పింది. దేశంలో మోటార్ క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం విడిగా ఉంది, రిజిస్ట్రేషన్‌లో ఆ తరగతీ ఉంది. ఆర్‌సీలో ఆ తరగతి నమోదు కాని మార్పిడి బండిని, లోపల ఎంత అందంగా ముస్తాబు చేసినా, ఎంత చవకగా ఇస్తామన్నా కొనకపోవడమే మంచిది.