పలనాటి కోడిపోరు: ఓడిన పక్షమువారి నడత

పందెమున ఓడునది కోడి. ఆ యోటమిని మోయునది ఊరు. తిరునాళ్లలో తమ ఊరి యెడ్లు బండలాగుడులో వెనుకబడగా చూచినవారికిని, బంతియాటలో తమ జట్టు ఓడగా నోట మాట లేక మరలివచ్చిన పడుచువాండ్రకును ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. బరిలో దిగినవారు కొందరు. తల వంచుకొని ఇల్లు చేరువారు వేయిమంది. ఇట్టి దుఃఖమును మన సీమవారు పూర్వము ఎట్లు భరించిరో పలనాటి కథ చెప్పుచున్నది.

12వ శతాబ్దిలో పలనాటి రాజ్యము రెండుగా చీలెను. గురజాలలో నలగామరాజు, మాచర్లలో ఆతని సవతితమ్ముడు మలిదేవరాజు ఏలిరి. నలగామునికి నాయకురాలు నాగమ్మ, మలిదేవునికి బ్రహ్మనాయుడు మంత్రులు. ఇరుపక్షములకును కోడిపందెము కుదిరెను. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడువవలెనని ఒడంబడిక. బ్రహ్మనాయుని పక్షము ఓడెను.

నాగమ్మ కపటమున గెలిచెనని ఆ పక్షమువారి కథ. ఓడినవారు కపటమనుట నేటి మాట కాదన్నమాట! అయినను, కపటము జరిగెనని నమ్మియు వారు ఆడిన మాట తప్పలేదు. పసులమందలతో మండాదికి తరలి, పిదప మేడపియందు కాలము గడపిరి. ఓడిన నాయకుని వెంట అడవులు పట్టిన అనుచరులే ఈ కథకు ప్రాణము.

గడువు తీరిన పిమ్మట తమ పాలు అడుగుటకు అలరాజును రాయబారిగా పంపిరి. ఆతడు విషప్రయోగమున మడిసెను. అంతట ఓరిమి తెగెను. కారంపూడి రణరంగమున బాలచంద్రుడు మొదలగు వీరులు నేలకొరిగిరి. గెలుపు ఎవరిదైనను ఇరువైపుల ఇండ్లలోను మిగిలినది ఏడుపే. ఓటమిని ఏడేండ్లు మోసినవారు పగను ఒక్కనాడైనను మోయలేకపోయిరి.

ఈ కథను వీరవిద్యావంతులు ఊరూర పాడి నిలిపిరి. శ్రీనాథుడు 15వ శతాబ్దిలో దానిని ద్విపదకావ్యముగా రచించెను. అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో అచ్చువేయించిరి.

నేటికిని కార్తిక అమావాస్య మొదలుకొని అయిదు నాళ్లు కారంపూడిలో వీరుల ఉత్సవము జరుగుచున్నది. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేర్లు. వీరాచారవంతులు దూరగ్రామములనుండి ఆయుధములతో వచ్చి, నాగులేటిలో స్నానమాడి, వీరులగుడిలో మ్రొక్కుదురు. బ్రహ్మనాయుడు నేర్పిన చాపకూడును తలచి, కులభేదము లేక ఒక్క పంక్తిని భుజింతురు.

తాము గెలిచిన దినమును పండుగ చేసికొనువారు లోకమున పెక్కుమంది. తాము ఓడిన కోడిపోరును గూడ ఒక దినముగా నిలుపుకొన్నవారు అరుదు. ఓటమిని దాచినచో అది పగగా మొలచును. పదిమంది నడుమ చెప్పుకొని, కలసి భుజించినచో చరిత్రగా నిలుచును. జట్టు ఓడి వచ్చిన నాటి సాయంకాలము మన ఊళ్లవారు కారంపూడి రణరంగమును గాక, కారంపూడి పంక్తిని తలచుట మేలు.