ఉలుకూపలుకూ లేని గణనయంత్రము

పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడు రాని దినమున ప్రధానోపాధ్యాయుడు ఆయన తరగతులను మిగిలినవారికి పంచియిచ్చును. ఎవరికి తీరిక యున్నదో, ఏ తరగతికి పరీక్ష దగ్గరపడినదో ఆయన చూడవలెను. పెద్ద కంప్యూటర్ల విషయమునను ఇట్టి చిక్కే వచ్చినది.

1958లో అమెరికా వైమానిక దళము శత్రు విమానములను కనిపెట్టుటకు 'సేజ్' అను వ్యవస్థను పనిలో పెట్టెను. దాని ప్రతి కేంద్రమునను ఒకే రకపు కంప్యూటర్లు రెండుండెను. ఒకటి పనిచేయుచుండగా రెండవది సిద్ధముగా నుండెడిది. 1964 నాటికి విమానపు టిక్కెట్లకై నెలకొల్పిన 'సేబర్' వ్యవస్థలోను ఐ.బి.ఎం. 7090 యంత్రములు రెండుండెను. ఈ పద్ధతిలో భద్రత కలదు. కాని సగము ధనము ఊరక కూర్చుండును.

అన్ని యంత్రములను ఒకేసారి పనిచేయించు మార్గమును ఐ.బి.ఎం. సంస్థ 1994లో 'పారలల్ సిస్‌ప్లెక్స్' పేర తెచ్చెను. అప్పటి చౌకరకపు క్రొత్త యంత్రములు ఒక్కొక్కటిగా చూచిన పాతవాటికంటె మందమైనవి. కావున పలువురిని కలుపుట అవసరమైనది. 32 వ్యవస్థల వరకు ఒకే సమాచారమును పంచుకొనవచ్చును. అన్నిటికిని ఒకే గడియారము. ఏ లెక్క ఎవరి చేతిలో నున్నదో తెలుపు తాళముల పట్టిక వేరొక యంత్రములో నుండును.

పని పంపిణీకి కొలత యేమి? ఒక పని అర సెకనులో ముగియవలెనని లక్ష్యము పెట్టితిమనుకొనుడు. ఒక సెకను పట్టినచో, పట్టిన కాలమును లక్ష్యముచే భాగింపగా 2 వచ్చును. ఈ అంకె 1ని మించినచో ఆ పని వెనుకబడినదని అర్థము. పర్యవేక్షకుడైన ప్రోగ్రాము ప్రతి పది సెకన్లకు ఇట్టి లెక్క చూచి, ముఖ్యమైన పనులలో వెనుకబడినదానికి బలము చేకూర్చును.

ఇక అసలు చిక్కు. ప్రతి వ్యవస్థయు 'నేనున్నాను' అని ఉమ్మడి డిస్కులో మాటిమాటికి కాలము వ్రాయుచుండును. ఒకటి వ్రాయుట మానినచో అది చచ్చినదా, కునుకు తీయుచున్నదా? బయటివారికి తెలియదు. చచ్చినదని తలచి దాని పనిని మరొకరికి ఒప్పగించిన పిమ్మట అది మేల్కొన్నచో, ఇద్దరును ఒకే ఖాతాను దిద్దుదురు, లెక్క పాడగును. కావున మొదట దానికి డిస్కులతో సంబంధము త్రెంచివేయుదురు. పిదపనే దాని తాళములు విడిపించి, పనిని ఇతరులకు ఇత్తురు.

ఆలస్యముగా వచ్చిన ఉపాధ్యాయుడు, బదులు వచ్చినవాడు ఒకే నల్లబల్లపై వ్రాయకుండ, మొదట సుద్దముక్క తీసికొనుటవంటిదే యిది.