వేసవి సెలవులు: ప్లెయిన్స్‌బరో నుంచి కొత్తపట్నం దాకా

న్యూజెర్సీలో బడులు జూన్ మూడవ వారం దాకా నడుస్తాయి. ప్లెయిన్స్‌బరోలోని తెలుగు ఇళ్ళలో మాత్రం సెలవుల చర్చ ఎండలు రాకముందే మొదలవుతుంది. పిల్లలను ఏ శిబిరానికి పంపాలి, ఏ గణిత శిక్షణలో చేర్చాలి, వచ్చే ఏడాది పాఠాలను ఎంతవరకూ ముందే ముగించవచ్చు అన్నవే అందులో ప్రధానాంశాలు. ఆ పది వారాలూ పాఠాలతో నిండకపోతే పిల్లలు వెనకబడతారన్న భయం వీటన్నిటికీ మూలం. ఆ భయం ఎంతవరకూ సబబో తేల్చుకోవాలంటే, ఈ సెలవులు ఎందుకు ఏర్పడ్డాయో, మునుపటి తరాలు వాటిని దేనికి వాడుకున్నాయో చూడాలి.

అమెరికాలో వేసవి సెలవులు పొలం పనుల కోసం వచ్చాయని చాలామంది నమ్ముతారు. వ్యవసాయ క్రమం ఈ నమ్మకానికి పొసగదు. విత్తనాలు వేసేది వసంతంలో, కోతలు శరత్కాలంలో. 19వ శతాబ్దపు గ్రామీణ పాఠశాలలు చాలావరకూ ఆ రెండు కాలాల్లో మూతపడి, చలికాలంలోనూ వేసవిలోనూ నడిచేవి. పెద్ద నగరాల్లోనైతే బడులు దాదాపు ఏడాది పొడవునా తెరిచే ఉండేవి. ఈ రెండు పద్ధతులూ క్రమంగా ఒకటై, వేసవి విరామం ఎలా స్థిరపడిందో కెనెత్ గోల్డ్ 2002లో వెలువరించిన చరిత్ర గ్రంథంలో వివరించాడు. నగరాల్లో వేడిమి, ఉపాధ్యాయుల శిక్షణకు కావలసిన వ్యవధి, కలిగినవారు వేసవిలో ఊరు విడిచి వెళ్ళడం ఇందుకు కొన్ని కారణాలు. వీటితోపాటు ఆనాటి వైద్యుల అభిప్రాయం కూడా బలంగా పనిచేసింది. పసిమనసును అతిగా శ్రమపెడితే ఆరోగ్యం దెబ్బతింటుందని అమరయ్యా బ్రిగమ్ అనే వైద్యుడు 1832లోనే ఒక పుస్తకం రాశాడు. విద్యాసంస్కర్త హొరేస్ మన్ కూడా ఇటువంటి ఆందోళననే వ్యక్తం చేశాడు. అంటే ఈ విరామానికి పునాది వేసిన ఆలోచనల్లో పిల్లలపై ఒత్తిడి గురించిన భయం ఒకటి.

ఆ భయం ప్లెయిన్స్‌బరోలో మళ్ళీ తలెత్తింది. 1919లో ప్రత్యేక టౌన్‌షిప్‌గా ఏర్పడిన ఈ ఊరు ఒకప్పుడు పాడి పరిశ్రమకు ప్రసిద్ధి. వాకర్-గోర్డన్ పాడిక్షేత్రంలో 1930లో నెలకొల్పిన రోటోలాక్టర్ అనే తిరుగుడు యంత్రం ఒకేసారి 50 ఆవుల పాలు పితికేది. 1970 నాటికి ఇక్కడి జనాభా రెండు వేల లోపే. 2010 నాటికి అది సుమారు 23 వేలకు చేరింది. కొత్తగా వచ్చినవారిలో భారతీయులు, చైనీయులు ఎక్కువ. వారిలో అనేకులు మంచి బడుల కోసమే ఈ ఊరు ఎంచుకున్నారు.

2015 శరత్కాలంలో వెస్ట్ విండ్సర్-ప్లెయిన్స్‌బరో పాఠశాలల సూపరింటెండెంట్ డేవిడ్ ఆడర్‌హోల్డ్ తల్లిదండ్రులకు ఒక సుదీర్ఘమైన లేఖ రాశారు. విద్యార్థులు మోయలేని ఒత్తిడిలో ఉన్నారనీ, అంతకుముందు విద్యాసంవత్సరంలో 120 మందిని మానసిక ఆరోగ్య పరీక్షకు పంపవలసి వచ్చిందనీ, 40 మంది ఆసుపత్రి పాలయ్యారనీ తెలిపారు. హైస్కూలులో మధ్యంతర, తుది పరీక్షలు రద్దయ్యాయి. హోంవర్కు లేని రాత్రులు వచ్చాయి. పైతరగతుల గణితాన్ని ముందే బోధించే ప్రాథమికస్థాయి కార్యక్రమంలోనూ మార్పులు జరిగాయి. తల్లిదండ్రులు రెండుగా చీలారు. ఆసియా మూలాల కుటుంబాల్లో పలువురు దీన్ని ప్రమాణాల దిగజార్పుగా భావించారు. వారి వాదనను తేలిగ్గా తోసిపుచ్చలేం. ఎంసెట్ వంటి ఒక్క పరీక్ష ర్యాంకుతో జీవితం మారిన తరానికి పరీక్షే నిచ్చెన. ఆ నిచ్చెనను తీసేస్తే పరిచయాలూ పలుకుబడీ లేని వలస కుటుంబం ఏ ఆధారంతో పైకెక్కాలి?

అయితే ఈ వివాదంలో ఇరుపక్షాలూ చర్చించినది భారం ఎంత ఉండాలన్నదే. ఆ భారం ఎటువంటి ఆలోచనను పెంచుతోందన్న ప్రశ్న వెనుకకు పోయింది. శిక్షణ తరగతి నేర్పేది ముందే సిద్ధంగా ఉన్న జవాబును వేగంగా చేరే నైపుణ్యం. విమర్శనాత్మక ఆలోచన వేరు. మన శాస్త్రచర్చలో పూర్వపక్షం చెప్పనిదే సిద్ధాంతానికి అర్హత లేదు. ప్రతివాది మాటను అతడు ఒప్పుకునేంత న్యాయంగా వినిపించి, ఆ తర్వాతే ఖండించాలి. ఈ సాధనకు తీరిక కావాలి. తప్పుదారి పట్టి వెనక్కి రాగలిగేంత వ్యవధి కావాలి. బడి రోజుల్లో అది దొరకదు.

తీరికను ఇలా వాడుకున్న చరిత్ర తెలుగువారికీ ఉంది. 1937 వేసవిలో ఒంగోలు దగ్గరి కొత్తపట్నం సముద్రతీరాన యువకుల కోసం వేసవి రాజకీయ, ఆర్థిక పాఠశాల ఏర్పాటైంది. కళాశాలల్లో చెప్పని విషయాలు అక్కడ పాఠాలయ్యాయి: శిస్తు ఎవరు కడుతున్నారు, అప్పు ఎందుకు తీరదు, పరాయి పాలన ఎవరి సహకారంతో నిలబడింది. మద్రాసు ప్రభుత్వం ఆ పాఠశాలను నిషేధించింది. పట్టా ఇవ్వని, ఉద్యోగం చూపని బడికి ఒక ప్రభుత్వం భయపడిందంటే, అక్కడ పుడుతున్న ప్రశ్నల బలం దానికి తెలుసుననే అర్థం. ఆ పాఠశాలను ఆదర్శంగా చూపి ఊరుకోవడం మాత్రం సరికాదు. దాని నిర్వాహకులకూ ఒక నిశ్చితమైన సిద్ధాంతం ఉంది. ప్రభుత్వాన్ని ప్రశ్నించడం నేర్పే బడి తన సిద్ధాంతాన్నీ ప్రశ్నించనిస్తుందా అన్నదే అసలు పరీక్ష.

ఆ పరీక్షను ఇంట్లోనూ పెట్టుకోవచ్చు. పది వారాల్లో రెండు వారాలు శిక్షణ లేకుండా వదిలి, పిల్లలకు ఒక్క ప్రశ్న ఇస్తే చాలు. 1971లో వాకర్-గోర్డన్ ఎందుకు మూతపడింది? 2015 మార్పుల్లో ఎవరిది న్యాయం? ఊరి గ్రంథాలయంలో పాత పత్రికలు చూసి, పరస్పరం విభేదించే ఇద్దరు పెద్దలను అడిగి, ఇరువురి వాదననూ రాయమనాలి. రెండో ప్రశ్నకు పిల్లలు తేల్చిన జవాబు తమ అభిప్రాయానికి విరుద్ధంగా ఉంటే, దాన్ని చివరిదాకా వినడం తల్లిదండ్రుల వంతు.